పడుగు అతికే చెయ్యి

మా మరిది మాట్లాడటం మానేసినప్పుడు ఇంట్లో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది. పుట్టినప్పటి నుంచి మోగుతున్న మనిషి ఊరికే ఆగిపోడు.

అతనికి మా వీధి పెట్టిన పేరు రేడియో. మీట నొక్కక్కర్లేదు, బ్యాటరీ అయిపోదు. ఎవరింట్లో అత్తాకోడళ్లకి పడటం లేదో, ఏ రంగులవాడు నీలంలో నీళ్లు కలిపి అమ్ముతున్నాడో, ఎవరి కుక్క ఎవరి కోడిని నోట కరుచుకుపోయిందో, అన్నీ అతని నోటే వినాలి. ఉన్నది ఉన్నట్టు చెబితే అది వార్త. దానికి కాస్త ఉప్పూ కారం జల్లితే అది మా మరిది.

మా ఇంటి వెనక షెడ్డులో మూడు మగ్గాలున్నాయి. ఒకటి మా ఆయనది, ఒకటి నాది, మూడోది మా తోడికోడలిది. మరిదికి మగ్గం లేదు. అతని పని పడుగులు అతకడం. మా ఇంటివే కాదు, వీధి మొత్తం మగ్గాలవి.

నేత తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. మగ్గం మీద పొడుగ్గా బిగించిన దారాలు పడుగు. వాటిని అడ్డంగా దాటుతూ నాడె తెచ్చే దారం పేక. పడుగు అయిపోవస్తున్నప్పుడు పాత దారాల కొసలు కొన్ని జానలు మిగిల్చి, కొత్త పడుగులోని ఒక్కొక్క దారాన్నీ ఒక్కొక్క కొసకు అతకాలి. ముడి వేస్తే పనికిరాదు. దువ్వెనలాంటి అచ్చు ఉంటుంది, దాని పళ్ల సందులోంచి ముడి దూరదు. అందుకని వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెలిపెట్టాలి. మెలి కరుచుకున్న సంగతి కంటికి కనబడదు, వేలికి తెలియాలి. ఒకటనుకుని రెండు దారాలు పట్టుకుంటే ఆ తప్పు బట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా వాతలాగా కనబడుతుంది.

ఈ పనిని మా మరిది చూడకుండా చేసేవాడు. కళ్లు మా వైపు, నోరు ఊరి వైపు, వేళ్లు పడుగు మీద. ఒక్కోసారి నవ్వు ఆపుకోలేక మా నాడెలు ఆగిపోయేవి కానీ అతని వేళ్లు ఆగేవి కావు. అతను అతికిన పడుగుని అచ్చులోంచి లాగితే ఒక్క దారం తెగేది కాదు.

అలాంటివాడు ఒకనాటి నుంచి తల వంచుకుని, దారాలకి ముక్కు ఆనించేంత దగ్గరగా కూర్చుని, కళ్లు చిట్లించి చూసి చూసి అతకడం మొదలుపెట్టాడు. పలకరిస్తే పలకడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

“ఏమయ్యా, ప్రసారాలు ఆగిపోయాయేంటి?” అన్నాను.

“చత్వారం వదినా. కనబడి చావట్లేదు,” అన్నాడు.

అది అబద్ధం. వచ్చింది కంటికి కాదు, చేతికి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఆ మూడు వేళ్ల కొసలకీ స్పర్శ పోయింది. ఈ సంగతులు అప్పుడు నాకు తెలియవు, తర్వాత ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కటీ తనే చెప్పాడు. మీకు మాత్రం ముందే చెబుతున్నాను. తెలిసి చూస్తేనే అతని భయం మీకు కనబడుతుంది.

మొదట బయటపడింది టీ గ్లాసు దగ్గర. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసుని తీసుకుని అలాగే పట్టుకుని కూర్చున్నాడట. మగ్గం మీంచి పెళ్లాం “చెయ్యి కాలట్లేదా మీకు?” అని అడిగేదాకా తెలియలేదు. చూసుకుంటే చూపుడువేలికి బొబ్బ. ఆ మధ్యాహ్నం దొడ్లోకి వెళ్లి, చొక్కాకి గుచ్చుకునే సూది తీసి, ఒక్కో వేలికీ పొడుచుకున్నాడు. రక్తం వచ్చింది. నొప్పి రాలేదు. పని చేసే వేళ్లు ఆ మూడే కాబట్టి ఆ మూడింటినే పొడుచుకున్నాడు. మిగతా రెండు వేళ్లూ పడుగు అతికేవాడికి గుర్తుండవు. అవి ఊరికే చేతిని పట్టుకుని ఉంటాయి.

అక్కడితో అతని ప్రాణం సగం పోయింది. ఎందుకంటే స్పర్శ పోయిన వేళ్లని ఆ ఇల్లు అంతకుముందు ఒకసారి చూసింది.

మా మామగారికి ఒక అన్న ఉండేవాడు. మా ఆయనకీ మరిదికీ పెదనాన్న. పెళ్లాంపిల్లలు లేని మనిషి. మా మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, చిన్న వేళ్లని తన వేళ్ల మధ్య పెట్టుకుని, దారం ఎలా పట్టాలో నేర్పింది ఆయనే. ఆయనకి వేళ్లు మొద్దుబారాయి. పొయ్యిలోంచి కుంపటికి నిప్పులు మారుస్తూ చెయ్యి కాల్చుకుని కూడా కదలకుండా కూర్చున్నాడని ఎవరో చూశారు. పెద్దరోగం అన్నారు. మా పెద్దవాళ్లు కుష్ఠు అనే మాటని నోటితో అనరు, పెద్దరోగం అంటారు. డాక్టరు లేడు, మందు లేదు. నూలు ఆరేసే దొడ్డి చివర రంగు కాగులు పెట్టుకునే గది ఉంది. ఆయన్ని అందులో పెట్టారు. ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. మళ్లీ ఆయన గడప దాటి ఇంట్లోకి రాలేదు.

పొద్దున్నే తిండి తీసుకెళ్లే పని మా మరిదిది. అందరికంటే చిన్నవాడని పంపేవారు. గడప ఇవతల గిన్నె పెట్టి, కర్రతో లోపలికి నెట్టి, పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. పెదనాన్న అప్పుడే నిద్ర లేచి చాప మీద కూర్చుని ఉండేవాడట. వీడిని చూస్తూ చెయ్యి విదిలించేవాడట, ఈగని తోలినట్టు. పో, పో, దగ్గరికి రాకు అని. ఆ చెయ్యి చూస్తే చాలు, వీడికి కాళ్లు ఆగేవి కావు. ఒక వానాకాలం ఆయన ఆ గదిలోనే పోయాడు.

నేను కోడలిగా వచ్చేసరికి ఆ గదిలో మళ్లీ కాగులూ కర్రలూ చేరాయి. కానీ ఎండ మండిపోతున్నా ఆ గోడ నీడలో ఎవరూ కూర్చునేవారు కాదు.

ఇక్కడ గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే మా మరిది కూతురు పసిపిల్లని తీసుకుని పుట్టింటికి వచ్చింది. ఆ పాపకి అప్పుడే రెండు పళ్లు వచ్చాయి. ఎవరు కనబడితే వాళ్ల మీదికి ఎగబడుతుంది. తాతని చూసి రెండు చేతులూ చాపింది. మా మరిది చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఎత్తుకో నాన్నా,” అంది కూతురు.

“చేతులకి బూడిదమ్మా,” అన్నాడు.

మర్నాడు రంగు అన్నాడు. ఆ తర్వాత గంజి అన్నాడు. చివరికి పాప షెడ్డులోకి వస్తే తను దొడ్లోకి, పాప దొడ్లోకి వస్తే తను వీధిలోకి. పిల్లీ ఎలుకా ఆటే కానీ ఇక్కడ పారిపోయేది పిల్లి.

“ఆడపిల్ల పుట్టిందనా పెద్దమ్మా?” అని కూతురు నా దగ్గర ఏడ్చింది. “నన్ను భుజం దింపకుండా పెంచినవాడు కదా.”

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ అప్పటికే ఇంకో గొడవ వచ్చిపడింది.

ఎదురింటివాళ్లకి అతికిన పడుగు లాగుతుంటే దారాలు పటపటా తెగాయి. వాళ్లు మొహమాటపడి ఏమీ అనలేదు. తర్వాత మా ఆయన మగ్గం మీదే నీలం బట్ట మధ్యలో లావుపాటి గీత తేలింది. జంట దారం. మా ఆయన తక్కువ మాటల మనిషి. నాడె ఆపి, ఆ గీత మీద వేలు పెట్టి, అది ఎక్కడిదాకా పోయిందో చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు దారాల్లోంచి తల ఎత్తలేదు. మా ఆయన మళ్లీ నాడె వేశాడు. ఆ బట్ట ఎందుకూ పనికిరాదని తెలిసీ చివరిదాకా నేశాడు.

“రేడియోకి సిగ్నల్ పోయిందటగా?” అని వీధిలో నవ్వులు మొదలయ్యాయి. నేనూ నవ్వాను. తాగుతున్నాడేమోనని అనుమానం వచ్చి దగ్గరికి వెళ్లినప్పుడల్లా గాలి పీల్చి చూశాను. నూలు వాసన తప్ప ఇంకేం రాలేదు. పొద్దున్నే బావి దగ్గర కుడిచెయ్యి విదిలిస్తూ నిలబడేవాడు, చెయ్యి కడుక్కున్నాక తుండు దొరకనివాడిలాగా. తుండు భుజం మీదే ఉండేది. అది చూశాను కానీ పట్టించుకోలేదు.

ఒకరోజు నీలం వేయడానికి పెద్ద కాగు కావాల్సి వచ్చి దొడ్డి చివరి గదికి వెళ్లాను. తలుపు తోశాను. లోపల ఎవరో శుభ్రంగా ఊడ్చారు. కాగులన్నీ ఒక పక్కకి జరిపారు. కిటికీకి పట్టిన బూజు దులిపారు. గోడ వారగా కొత్త చాప చుట్టి నిలబెట్టి ఉంది. దాని పక్కన ఒక కంచం, దాని మీద బోర్లించిన గ్లాసు.

మొదట నాకొచ్చిన ఆలోచన చెబితే నవ్వుతారు. ఈ వయసులో మా మరిది ఎవత్తెని తెచ్చి పెడుతున్నాడురా నాయనా అనుకున్నాను. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కంచం మళ్లీ చూశాను. ఒక్కటే కంచం. ఒక్కటే గ్లాసు. చాపా ఒక్కరికి సరిపోయేదే.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను ఆ పెదనాన్నని చూడలేదు. కానీ ఆ కథ మా అత్తగారు ఎన్నిసార్లు చెప్పిందో. మూసుకున్న నోరు, జంట దారం, తెగిన దారాలు, వెనక్కి కట్టుకున్న చేతులు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి వరసలో కూర్చున్నాయి. కాగు అక్కడే వదిలేసి బయటికి వచ్చాను.

సాయంత్రం అతను టీ తాగి గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్లాడు. అందరి గ్లాసులకి కొంచెం దూరంగా, తనే జరిపి పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోలేక నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా మీద నాకే కోపం వచ్చి, అదే గ్లాసులో టీ పోసుకుని గటగటా తాగేశాను. తాగాక మళ్లీ భయం వేసింది. వంటింట్లో తలుపు చాటున నిలబడి నా వేళ్లని గిల్లుకుని చూసుకున్నాను.

ఎవరితో చెప్పను? మా ఆయనతో అంటే మనిషి కుప్పకూలిపోతాడు. తోడికోడలితో అంటే ఇంటి పైకప్పు లేచిపోతుంది. అతన్నే అడుగుదామంటే నోరు రాలేదు. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందేమోనని. నా నోటికి ఈ వీధిలో ఎదురు లేదంటారు. ఆ రోజుల్లో నా నోరు కూడా అతని నోటి పక్కనే మూతపడి కూర్చుంది. నేత నేస్తున్నా నా కళ్లు అతని చేతుల మీదే. పాప ఎక్కడుందో చూడటం, మళ్లీ ఆ చేతుల్ని చూడటం.

ఒకసారి ధైర్యం చేసి ఏదో మాటల మధ్య అన్నట్టు అన్నాను. “ఆ చివరి గది ఎవరో ఊడ్చినట్టున్నారే?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతను ఉలిక్కిపడి రెండు చేతులూ ఒళ్లోకి లాక్కున్నాడు.

“పాప వెళ్లిపోయేదాకా ఆగుతున్నా వదినా,” అన్నాడు.

“ఆగి?”

అతను బూడిద గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. నేనూ రెట్టించలేదు. పాప వెళ్లేదాకా ఆగి, ఆ గదిలోకి వెళతాడు. పెళ్లానికీ అన్నకీ ఏం చెబుతాడో నాకు తెలియదు. ఏమీ చెప్పకుండా తలుపేసుకుంటాడేమో. ఈసారి గిన్నె ఎవరు తీసుకెళతారు? ఈ ప్రశ్న ఆ రోజంతా నా తలలో నాడెలా అటూ ఇటూ కొట్టుకుంది.

అంతా బయటపడింది ఒక మధ్యాహ్నం. కూతురు తలస్నానానికి వెళుతూ పాపని షెడ్డులో మడతపెట్టిన బట్ట మీద పడుకోబెట్టింది. పాప నిద్రపోతోంది. తోడికోడలు దారం చుట్టిన కండెలు తేవడానికి వీధిలోకి వెళ్లింది. మా ఆయన మగ్గం ఆగి ఉంది, దాని మీదే కొత్త పడుగు అతుకుతున్నాడు మరిది. నీలం మీద తెల్ల చారలు. చారలున్న పడుగు ఇంకా కష్టం, వరస తప్పితే రంగు తప్పుతుంది. ఒక్కో దారాన్నీ పట్టుకుని, కంటి దగ్గర పెట్టుకుని చూసుకుని, మెలిపెట్టి, మెలి నిలిచిందో లేదో తెలియక మళ్లీ లాగి చూసుకుంటున్నాడు. నుదుటి మీద చెమట.

నేను పేక దారం తెగితే అతుక్కుంటూ తల వంచాను. అంతే. పాప ఎప్పుడు లేచిందో, ఎప్పుడు బోర్లాపడి పాక్కుంటూ వెళ్లిందో చూడలేదు. అతను బూడిద కోసం నేల మీది గిన్నె వైపు చెయ్యి దించాడు. దొరికిన వేలిని దొరికినట్టు పట్టుకుని పాప నోట్లో పెట్టుకుంది. కసుక్కున కొరికింది.

“అమ్మా!” అని మా మరిది అరిచిన అరుపుకి నా చేతిలో నాడె జారిపడింది.

పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. అతను గోడకి వీపు ఆనించి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఊగిపోతున్నాడు.

“వదినా, పాప నోరు కడుగు! చేతులు కడుగు! సబ్బు పెట్టు, సబ్బు పెట్టు వదినా, తొందరగా! అయ్యో, పాపకి అంటుకుంది, నేనే అంటించాను, నేను ముట్టుకోలేదు వదినా, నేను ముట్టుకోలేదు…”

కూతురు తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చింది. “ఏం అంటుకుంది? ఏంటి నాన్నా?”

“పెద్దరోగం!” అన్నాడు. “పెదనాన్న రోగం నాకొచ్చింది!”

ఆ మాట అనేశాడు. ఇన్నాళ్లూ మేమిద్దరం చెరో పక్కా నొక్కిపట్టి ఉంచిన మాట. కూతురు వంగి పాపని ఎత్తుకుంది. ఎత్తుకుని, ఒక్క అడుగు వెనక్కి వేసింది. కావాలని వేసింది కాదు, తల్లి కాళ్లు వాటంతటవే వెళ్లాయి. కానీ మా మరిది ఆ అడుగు చూశాడు. ఆ అమ్మాయి అది గ్రహించి “నాన్నా” అంటూ ముందుకి రాబోయింది, అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దమ్మా. అదే కరెక్టు. అక్కడే ఉండు.”

నాకు అప్పుడు తట్టింది.

“నొప్పి పుట్టిందా?” అని అడిగాను.

“ఏంటి వదినా?”

“పాప కొరికితే నొప్పి పుట్టిందా లేదా అని అడుగుతున్నా. గావుకేక పెట్టావుగా. దేనికి పెట్టావు?”

అతను చెయ్యి చూసుకున్నాడు. చిటికెన వేలు. దాని మీద రెండు చిన్న గంట్లు, ఎర్రగా.

“పుట్టింది,” అన్నాడు నెమ్మదిగా. “మంట పుట్టింది.”

నేను అతని చొక్కాకి ఉన్న సూది లాగాను. అతను వద్దు వద్దంటున్నా వినకుండా చెయ్యి పట్టుకున్నాను. నాకు భయం లేదని కాదు, అయినా వదల్లేదు. బొటనవేలు పొడిచాను. లేదు. చూపుడువేలు. లేదు. మధ్యవేలు. లేదు. ఉంగరం వేలు పొడిస్తే “సగం తెలుస్తోంది” అన్నాడు. చిటికెన వేలు పొడవగానే చెయ్యి లాక్కుని నన్ను తిట్టాడు. ఆ తిట్టు విని ఎంత సంతోషపడ్డానో దేవుడికే తెలియాలి.

అయినా ఆ సంతోషం ఎంతసేపు? ఇవాళ మూడు వేళ్లు, రేపు ఐదు కావచ్చు. పెదనాన్నకి ఏ వేలితో మొదలైందో ఎవరికి తెలుసు?

మర్నాడే నేనూ అతనూ పెద్దాసుపత్రికి బయల్దేరాం. మా ఆయన బస్సు దాకా వచ్చి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, బస్సు కదిలేదాకా తీయలేదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని మరిది నాకు అన్నీ చెప్పాడు. సూది, గ్లాసు, గిన్నె, కర్ర. చెబుతున్నంతసేపూ చెయ్యి తుండు కింద దాచుకునే ఉన్నాడు, పక్కవాళ్లు చూస్తారని.

“అదే అయితే నేను ఇంటికి రాను వదినా,” అన్నాడు. “బస్సు దిగి తిన్నగా గదిలోకి వెళ్లిపోతా. పాపకి పరీక్ష చేయించండి.”

“ముందు నోరు ముయ్యి,” అన్నాను. పాపం, ఎన్నాళ్లకో నోరు విప్పినవాడిని.

డాక్టరమ్మ చిన్నది, మా మరిది కూతురి వయసు ఉంటుంది. అప్పటికే అలిసిపోయి ఉంది. చెయ్యి చూపించమంటే ఇతను చూపించడే. “ముట్టుకోకండమ్మా,” అన్నాడు. ఆమె వినిపించుకోకుండా చెయ్యి లాక్కుని తన అరచేతిలో పెట్టుకుంది. ఒళ్లంతా వెతికింది. స్పర్శ లేని మచ్చలేమైనా ఉన్నాయా అని వీపు, మోచేతులు, చెవులు, కనుబొమలు, అన్నీ. మోచేతి దగ్గర నరం పట్టి చూసింది. తర్వాత మణికట్టు మధ్యలో వేలితో టకటకా కొట్టింది. అతను “కరెంటు కొట్టినట్టుంది” అని ఎగిరాడు.

“రాత్రుళ్లు తిమ్మిరికి మెలకువ వస్తోందా?”

“వస్తోంది.”

“ఏం పని చేస్తావు?”

చెప్పాడు. చెప్పడం కాదు, చేసి చూపించాడు, గాలిలో రెండు దారాలు పట్టుకుని మెలిపెట్టి. ఆమె ఆ వేళ్లనే చూసింది.

“నువ్వనుకుంటున్న జబ్బు కాదిది,” అంది. “మణికట్టులో సన్నటి సందులోంచి ఒక నరం వస్తుంది. అది ఈ మూడున్నర వేళ్లకే వెళుతుంది. చిటికెన వేలికి వేరే నరం. ఇన్నేళ్లూ మెలిపెట్టి మెలిపెట్టి ఆ నరం నలిగిపోయింది. పట్టీ కట్టుకో, పని ఆపు. తగ్గకపోతే చిన్న ఆపరేషను ఉంది. ఆ జబ్బే అయినా ఇప్పుడు మాత్రలతో నయమైపోతుంది. పాప వేలు కొరికితే అంటుకోదు. ఇంత భయం దేనికి?”

నేను కళ్లు ఒత్తుకున్నాను. బయటికి వెళ్లి గట్టిగా అరవాలనిపించింది. అతనికి మాత్రం ఆ మాటలు ఇంకా లోపలికి దిగలేదు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

డాక్టరమ్మ చీటీ రాస్తూ యథాలాపంగా అంది. “పొద్దున్నే లేవగానే చెయ్యి విదిలించుకుంటావా, ఇలా?” అని తన చెయ్యి విదిలించి చూపించింది, ఈగని తోలినట్టు.

“అవునండీ. మీకెలా తెలుసు?”

“ఈ నరం నొక్కుకుపోయినవాళ్లు చాలామంది అదే చేస్తారు. విదిలిస్తే తిమ్మిరి కాస్త వదులుతుంది. చేస్తున్నట్టు కూడా వాళ్లకి తెలియదు.”

నేను చీటీ అందుకుని లేచాను. మరిది లేవలేదు. ఆ గదిలో గోడలు కాక ఇంకేదో చూస్తున్నాడు.

“అమ్మా,” అన్నాడు. “మా పెదనాన్నకి కూడా వేళ్లు మొద్దుబారాయి. ఆయనా పడుగులు అతికేవాడు. ఆయనా పొద్దున్నే…” చెయ్యి ఎత్తి విదిలించి చూపించాడు.

డాక్టరమ్మ కలం ఆపింది. “ఒంటి మీద మచ్చలుండేవా ఆయనకి? వేళ్లు వంకర పోయాయా? చిటికెన వేలికి తెలిసేదా?”

“తెలియదండీ.”

“కొంచెం గుర్తు చేసుకో.”

“దగ్గరికెళ్లి చూడలేదండీ,” అన్నాడు మా మరిది. “ఎవరం వెళ్లలేదు.”

“నేను చూడని చెయ్యి గురించి నేనేం చెప్పలేను,” అంది. మెత్తగానే అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్ల నుంచో గుండెల మీద ఉన్న బండ దిగిపోయిందని, ఇంటికెళ్లగానే పాపని ఎత్తుకోవచ్చని, నేనే గలగలా మాట్లాడుతున్నాను. అతను వినడం లేదు. చాలా దూరం వచ్చాక అన్నాడు.

“పొమ్మంటున్నాడనుకుని పరిగెత్తేవాణ్ని వదినా. రోజూ. గిన్నె కర్రతో నెట్టి పరిగెత్తేవాణ్ని.”

నేను అతని వైపు తిరిగాను.

“నన్ను పొమ్మనలేదు. తిమ్మిరికి విదిలించుకున్నాడు. నన్ను చూసి అసలు ఏదైనా అన్నాడేమో కూడా. నేను ఆగితేగా వినడానికి.”

“నీకు తెలియదు కదయ్యా. ఆయనకి ఏముందో ఇప్పటికీ తెలియదు. డాక్టరమ్మే తెలియదంది.”

“అదే వదినా. తెలియదు,” అన్నాడు. “తెలియకుండానే పెట్టాం ఆయన్ని అక్కడ.”

ఇంటికి వచ్చేసరికి మా ఆయనా తోడికోడలూ గుమ్మంలోనే ఉన్నారు. నా మొహం చూసి వాళ్లకి సంగతి తెలిసిపోయింది. కూతురు ఒక్క మాట అడగకుండా ఎదురొచ్చి, పాపని తెచ్చి తండ్రి చేతుల్లో పెట్టింది. పాప అతని చెవి పట్టుకుని లాగింది. అందరం నవ్వుతున్నాం, ఏడుస్తున్నాం. అతను పాపని గుండెకి హత్తుకుని దొడ్లోకి నడిచాడు. నూలు ఆరేసిన కర్రల కింద నుంచి వెళ్లి ఆ చివరి గది తలుపు తీశాడు. గడప దాటి లోపలికి వెళ్లి, తను ఊడ్చి పెట్టుకున్న నేల మీద కూర్చున్నాడు. మా ఆయన వెనకే వెళ్లబోయి గడప దగ్గర ఆగాడు. తర్వాత ఆయనా లోపలికి వెళ్లాడు. అన్నదమ్ములిద్దరూ అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

కాపురం ఇక్కడికే మార్చుకుని, ఇప్పుడు మా వీధి పడుగులు అతికేది మా మరిది కూతురే. అతను మణికట్టుకి పట్టీ కట్టుకుని పక్కన కూర్చుంటాడు. వేళ్లకి స్పర్శ కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. ప్రసారాలు మళ్లీ మొదలయ్యాయి. ఉప్పూ కారం తగ్గలేదు. కానీ ఒక్కోసారి కథ మధ్యలో ఆగిపోయి దొడ్డి వైపు చూస్తాడు, అప్పుడు ఎవరం “ఆ తర్వాత?” అని అడగం.

చివరి గది తలుపు ఇప్పుడు తీసే ఉంటుంది. పిల్లలు దాగుడుమూతలకి అందులోకే పోతారు. పాపకి నడక వచ్చింది. పొద్దున్నే లేచి తాత కోసం బావి దగ్గరికి తడబడుతూ పరిగెడుతుంది. ఆ సమయానికి అతను చెయ్యి విదిలించుకుంటూ ఉంటాడు. అలవాటు అది, ఆగదు. పాప అడుగుల చప్పుడు వినగానే వెనక్కి తిరిగి, ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఆపుకుంటాడు.

“నిన్ను కాదమ్మా,” అంటాడు. “పొమ్మని కాదు. రా.”